ఎమర్సన్ కాగితాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా వ్యాసకర్త, కవి రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ (1803–1882) దినచర్య పుస్తకాలు (జర్నళ్లు), ఉత్తరాలు, చర్చి ప్రసంగాల గురించి అడిగేవారిలో ఎం.ఏ. ఇంగ్లీషు విద్యార్థులు ఉంటారు, పరిశోధకులు ఉంటారు, ఆయన వ్యాసాలను తెలుగు చేయాలని కూర్చున్నవారు ఉంటారు. అడిగేవారు మారినా సందేహాలు మాత్రం మారడం లేదు. అందుకే వాటిని ఒక్కచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఎమర్సన్ వ్యాసకర్త కదా, మతబోధకుడని ఎందుకంటారు?

వ్యాసకర్త కాకముందు ఆయన వృత్తి అదే. తండ్రి విలియం ఎమర్సన్ కూడా బోస్టన్‌లో పాస్టరే. రాల్ఫ్ 1826 అక్టోబరులో తొలిసారి ప్రసంగ వేదిక ఎక్కారు. 1829 మార్చిలో బోస్టన్ సెకండ్ చర్చికి పాస్టరుగా నియమితులయ్యారు. అది త్రిత్వాన్ని ఒప్పుకోక దేవుడు ఒక్కడేననే యూనిటేరియన్ శాఖకు చెందిన సంఘం. మూడేళ్లు తిరిగేసరికి ప్రభురాత్రి భోజన సంస్కారం (క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచే ఆచారం) నిర్వహించడానికి మనసు ఒప్పలేదు. క్రీస్తు దాన్ని శాశ్వత ఆచారంగా విధించలేదన్నది ఆయన వాదం. 1832 సెప్టెంబరు 9న ఆ మాటే సంఘం ఎదుట వివరంగా చెప్పి, రాజీనామా చేశారు.

ఉద్యోగం వదిలినా ప్రసంగాలు వెంటనే మానలేదు. 1830ల చివరిదాకా పిలిచిన చర్చిలకు వెళ్లి మాట్లాడుతూనే ఉన్నారు. మరోవైపు డబ్బులిచ్చి జనం వినే ఉపన్యాస వేదికల మీదికి మారారు. జీవితకాలంలో సుమారు 1500 ఉపన్యాసాలు ఇచ్చారని అంచనా. వేదిక మారిందే తప్ప, ఎదురుగా కూర్చున్న మనిషి మనసును కుదపాలన్న పట్టుదల మారలేదు.

"ఎమర్సన్ పేపర్స్" అంటే అందులో అసలు ఏముంటాయి?

ప్రధానంగా దినచర్య పుస్తకాలు, విషయాలవారీ నోటుబుక్కులు, 170కి పైగా చర్చి ప్రసంగాల రాతప్రతులు, ఉపన్యాసాల రాతప్రతులు, కవితల చిత్తుప్రతులు, వేల ఉత్తరాలు. వీటితోపాటు జమాఖర్చుల పుస్తకాలు, జేబు డైరీలు, కుటుంబ సభ్యుల రాతలు కూడా ఉన్నాయి. పండితులు ఆదరించేది మొదటి వాటినే. నా మటుకు జమాఖర్చుల పుస్తకాలను అంత తేలిగ్గా పక్కన పెట్టను. చలికాలం అంతా రైళ్లలో, పడవల్లో ఊరూరూ తిరిగి మాట్లాడితే తప్ప ఇల్లు గడవని మనిషి ఆయన. "ఆత్మవిశ్వాసం" గురించి రాసిన చేత్తోనే ఆ లెక్కలూ రాసుకున్నారు.

ఆయన ఇల్లు తగలబడిందని విన్నాను. మరి ఇంత కాగితం ఎలా మిగిలింది?

తగలబడిన మాట నిజమే. 1872 జూలై 24 తెల్లవారుజామున మసాచుసెట్స్ రాష్ట్రపు కాంకర్డ్‌లోని ఇంటికి నిప్పంటుకుంది. పైకప్పు పోయింది. అయితే ఇరుగుపొరుగువారు పరుగెత్తుకొచ్చి పుస్తకాలు, కాగితాలు, సామాను బయటికి చేరవేశారు. ఆ పచ్చికలో చెల్లాచెదురైన కాగితాలను ఏరినవారిలో నవలా రచయిత్రి లూయీసా మే ఆల్కాట్ ఒకరు. మిత్రులు పదివేల డాలర్లకు పైగా పోగుచేసి ఇంటిని మళ్లీ నిలబెట్టారు. ఆ లోగా ఎమర్సన్ పెద్ద కూతురు ఎలెన్‌తో కలిసి ఐరోపా, ఈజిప్టు వెళ్లివచ్చారు.

ఆ తర్వాత కాగితాలను కాపాడింది క్రమశిక్షణ. జేమ్స్ ఇలియట్ కాబట్ అనే మిత్రుడు రాతప్రతులన్నీ సర్ది, జాబితాలు వేసి, 1887లో జీవితచరిత్ర రాశారు. చిన్న కొడుకు ఎడ్వర్డ్ దినచర్య పుస్తకాలను ప్రచురించారు. 1930లో వారసులు ఎమర్సన్ స్మారక సంఘం ఏర్పరిచారు. ఆ సంఘం ద్వారా కాగితాలు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని హౌటన్ గ్రంథాలయానికి చేరాయి. అలా అవి చాలామటుకు ఒక్కచోటే నిలిచాయి. ఆ కాలపు ఎందరో రచయితల కాగితాలకు దక్కని అదృష్టం అది.

ఆయన జర్నళ్లు మనం రాసుకునే డైరీల్లాంటివేనా?

కావు. పొద్దున ఎన్నింటికి లేచారు, ఎవరు ఇంటికి వచ్చారు అని వెతికితే నిరాశే. 1820లో, హార్వర్డ్‌లో చదువుకుంటుండగా, "వైడ్ వరల్డ్" అని గంభీరమైన పేరు పెట్టి మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకు 16 ఏళ్లు. 1833 చివరి నుంచి పుస్తకాలకు ఏ, బీ, సీ అని అక్షరాలే పేర్లు. చదివిన వాక్యం, విన్న మాట, నడకలో తోచిన ఊహ, చిన్న చిన్న ముక్కలుగా పేజీల్లో పడుతుంటాయి. వాటిని తన పొదుపు బ్యాంకు అని ఆయనే రాసుకున్నారు. నేడు వేసిన చిల్లర రేపటి చిల్లరతో కలిసి పూర్తి నాణెం అవుతుందన్నది ఆయన లెక్క.

దాచిన సొమ్ము అవసరానికి చేతికి అందాలి కదా. అందుకే పేజీలకు అంకెలు వేసి, ప్రతి పుస్తకానికి సూచిక తయారు చేసుకున్నారు. అదీ చాలక 1847లో పుస్తకాలన్నిటికీ కలిపి "ఇండెక్స్ మేజర్" అనే మహాసూచిక రాసుకున్నారు. ఉపన్యాసానికి పిలుపు రాగానే సూచిక తీసి, ఆ విషయం మీద ఎప్పుడెప్పుడో రాసిన ముక్కలన్నీ దగ్గరికి చేర్చుకునేవారు. ఆయన వ్యాసాల్లో ఒక వాక్యానికీ తర్వాతి వాక్యానికీ లంకె దొరకడం లేదని విసుక్కునేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే మేలు.

## చదివేటప్పుడు

జర్నళ్లకు రెండు మూడు ఎడిషన్లు కనిపిస్తున్నాయి. ఏది కొనాలి?

ఊరికే చదువుకోవడానికైతే లైబ్రరీ ఆఫ్ అమెరికా 2010లో తెచ్చిన రెండు సంపుటాల ఎంపిక చాలు. పాఠం నమ్మదగినది, పేజీ శుభ్రంగా ఉంటుంది.

పరిశోధనకైతే హార్వర్డ్ 1960–1982 మధ్య ప్రచురించిన 16 సంపుటాలే ప్రమాణం. కొట్టివేతలతో సహా అన్నీ అందులో ఉంటాయి.

కొడుకు ఎడ్వర్డ్, మనవడు వాల్డో ఎమర్సన్ ఫోర్బ్స్ కలిసి 1909–1914లో తెచ్చిన 10 సంపుటాలు ఉచితంగా దొరుకుతాయి, హాయిగా చదివిస్తాయి. కానీ అది కుటుంబం చూపించదలచుకున్న ఎమర్సన్. అంతరంగికమనిపించినవి, ఎవరినైనా నొప్పిస్తాయనుకున్నవి అందులోకి రాలేదు. దానికి కొడుకునే తప్పుపట్టి లాభం లేదు. మిత్రురాలు మార్గరెట్ ఫుల్లర్ ఓడ ప్రమాదంలో మరణించాక, 1852లో ఆమె కాగితాలను పుస్తకంగా తెచ్చిన ముగ్గురు సంపాదకుల్లో ఎమర్సన్ ఒకరు. వాళ్లు ఆమె రాతలను ఇష్టం వచ్చినట్టు కత్తిరించారు, దిద్దారు.

16 సంపుటాల పెద్ద ఎడిషన్ తెరిస్తే పేజీ నిండా బాణాలు, కోణాకారపు గుర్తులు. వీటితో ఎలా వేగాలి?

కోణాకారపు గుర్తుల మధ్య ఉన్నది ఆయన రాసి కొట్టేసినది. పైకీ కిందికీ చూపే బాణాల మధ్య ఉన్నది తర్వాత చేర్చినది. రాతప్రతిలో ఏ క్రమంలో ఏం జరిగిందో అచ్చులో చూపడం సంపాదకుల ఉద్దేశం.

మీకొక్కరికే కాదు, ప్రసిద్ధ అమెరికన్ విమర్శకుడు లూయీస్ మమ్‌ఫర్డ్ అంతటివాడికి కూడా కోపం వచ్చింది. 1968లో ఆయన రాసిన సమీక్షకు పెట్టిన శీర్షికే ఎమర్సన్ ముళ్లకంచె వెనుక చిక్కుకున్నాడన్న అర్థం వచ్చేది. ఆ వాదంలో నేను సంపాదకుల వైపే. మొదటిసారి చదివేటప్పుడు గుర్తులను వదిలేసి సాఫీగా చదవండి. ఉటంకించదలచుకున్న చోటికి వచ్చాక ఆగి గుర్తులు విప్పండి. కొట్టేసిన మాట చాలాసార్లు ఉంచిన మాటకన్నా ముక్కుసూటిగా ఉంటుంది.

అడుగున నోట్లలో "వాడిన గుర్తు" అనే మాట తరచూ కనిపిస్తుంది. ఒక ముక్కను ఉపన్యాసంలోకో వ్యాసంలోకో తీసుకున్నాక దాని మీద నిలువు గీత గీసుకోవడం ఆయన అలవాటు. అది కొట్టివేత కాదు. రాతప్రతుల ఫొటోలు తొలిసారి చూసేవారు దీని దగ్గరే ఎక్కువగా పొరబడతారు.

జర్నల్లో రాసింది వ్యాసంలోకి ఎలా వెళ్తుంది? ఒక్క ఉదాహరణ చెప్పండి.

1838 మార్చిలో ఒక ఆదివారం. కాంకర్డ్ చర్చిలో కూర్చున్న ఎమర్సన్‌కు ప్రసంగం వినలేక ప్రాణం విసిగింది. బయట మంచు కురుస్తోంది. ప్రసంగిస్తున్నది ఊరి కొత్త పాస్టరు బార్జిలాయ్ ఫ్రాస్ట్. ఇంటికి వచ్చి దినచర్య పుస్తకంలో కడుపులో ఉన్నదంతా రాసేశారు. మంచు తుఫాను నిజమైనదట, బోధకుడే నీడలాంటివాడట. చూపు ఒకసారి ఆయన మీదికి, ఒకసారి ఆయన వెనుక కిటికీలోంచి మంచు మీదికి పోతుంటే, ఎంత తేడా! ఈ మనిషి ఎన్నడైనా నవ్వాడా, ఏడ్చాడా, పెళ్లాడాడా, మోసపోయాడా, ఒక్క మాటలోనైనా తెలియలేదని బాధ.

నాలుగు నెలలు గడిచాయి. జూలై 15న హార్వర్డ్ డివినిటీ స్కూలు నుంచి బయటికి వెళ్తున్న విద్యార్థుల ఎదుట మాట్లాడారు. వాళ్లంతా కాబోయే పాస్టర్లు. "ఒకసారి ఒక బోధకుడి మాటలు విన్నాను" అంటూ అదే మంచు, అదే కిటికీ, దాదాపు అవే వాక్యాలు. ఈసారి పేరు లేదు, ఊరు లేదు. ఆదివారంనాటి చిరాకు ఒక వృత్తి మొత్తం మీద తీర్పుగా మారింది. జీవితాన్ని అనుభవించి, దాన్ని సత్యంగా మార్చి జనానికి పంచడమే బోధకుడి పని అన్న సూత్రం దాని పక్కన చేరింది.

ఆ ఉపన్యాసం పెద్ద దుమారం రేపింది. హార్వర్డ్ ఆయనను మళ్లీ ఆదరించడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. 1866లో గౌరవ డాక్టరేటు ఇచ్చారు. జర్నల్ పేజీని, అచ్చయిన పేజీని పక్కపక్కన పెట్టుకుని చదవండి. పేరు తీసేయడం వల్ల వాక్యానికి ఎంత బలం వచ్చిందో, ఫ్రాస్ట్ అనే మామూలు మనిషికి ఎంత అన్యాయం జరిగిందో రెండూ కనిపిస్తాయి. ఎమర్సన్ కాగితాల్లో ఒక్కచోటే చదివే తీరిక ఉంటే నేను పంపేది ఇక్కడికే.

చర్చి ప్రసంగాలు కూడా చదవాలా? విసుగ్గా ఉంటాయని అన్నారు.

అన్నీ అక్కర్లేదు. చాలావాటిలో ఆ కాలపు యూనిటేరియన్ మర్యాదే ఎక్కువ, ఎమర్సన్ తక్కువ. మొదటి ప్రసంగం, ప్రభురాత్రి భోజనం మీది ప్రసంగం తప్పక చదవండి. మొదటిదాని వాక్యం "యెడతెగక ప్రార్థన చేయుడి". మనిషి మనసులోని ప్రతి కోరికా ప్రార్థనేనని, అవి నెరవేరుతాయి కాబట్టి ఏం కోరుకుంటున్నామో జాగ్రత్తగా చూసుకోవాలని 23 ఏళ్ల యువకుడు చెబుతాడు. తర్వాతి ఎమర్సన్ అందులో మొలకెత్తి ఉన్నాడు.

ఇంకొక ఆసక్తికరమైన సంగతి. ఒకే ప్రసంగాన్ని అనేక చోట్ల చెప్పేవారు. ఏ రోజు ఏ ఊళ్లో చెప్పారో రాతప్రతి మీదే రాసుకునేవారు. ఆ తేదీలు, ఊళ్లు ఆధారంగా ఒక యువ పాస్టరు తిరిగిన దారులన్నీ పటం గీయవచ్చు.

భార్య సమాధి తెరిచి చూశాడన్నది నిజమేనా?

ఆయనే రాసుకున్నారు. మొదటి భార్య ఎలెన్ టక్కర్ క్షయతో 1831 ఫిబ్రవరి 8న, 19 ఏళ్ల వయసులో చనిపోయారు. 1832 మార్చి 29 తేదీ కింద ఒకే ఒక్క వాక్యం ఉంది: ఎలెన్ సమాధి దగ్గరికి వెళ్లాను, శవపేటిక తెరిచాను. ముందు వెనుకల ఏ వివరణా లేదు. దీని మీద పేజీలకు పేజీలు ఊహించినవారున్నారు. రాసిన మనిషే ఒక్క వాక్యంతో ఆపిన చోట మనం ఎక్కువ మాట్లాడడం నాకు నచ్చదు.

గీత, ఉపనిషత్తులు నిజంగా చదివాడా, లేక మనవాళ్లు గొప్పకు చెప్పుకుంటారా?

చదివారు. ఎలా చదివారో కాగితాల్లో ఏళ్లవారీగా కనిపిస్తుంది, అది మనవాళ్లు చెప్పుకునేంత నున్నటి కథ కాదు. 1821లో కాలేజీ వేడుక కోసం రాసిన పద్యం పేరే "ఇండియన్ సూపర్‌స్టిషన్". అంటే మన నమ్మకాల మీద చిన్నచూపుతోనే మొదలయ్యారు. 1845 జూన్‌లో చార్లెస్ విల్కిన్స్ అనువదించిన భగవద్గీత చేతికందింది. ఆ సంతోషంలో మిత్రురాలు ఎలిజబెత్ హోర్‌కు ఉత్తరం రాస్తూ దాన్ని బౌద్ధమత ప్రఖ్యాత గ్రంథమన్నారు! నవ్వుకోవచ్చు, కానీ అప్పటి అమెరికాలో ఈ విషయాలు చెప్పే పుస్తకాలు ఎంత అరుదో కూడా గుర్తుంచుకోవాలి. 1848 అక్టోబరు 1 నాటి జర్నల్‌కు వచ్చేసరికి, తనకూ తన మిత్రుడికీ ఒక మహత్తరమైన రోజును గీత ప్రసాదించిందని రాసుకున్నారు.

విల్సన్ అనువదించిన విష్ణుపురాణం నుంచి 1845లో ఎత్తిరాసుకున్న భాగం "హమత్రేయ" కవితకు మూలం. నేల నాది నాది అంటూ మట్టిలో కలిసిపోయిన రాజులను చూసి భూమి నవ్వే ఘట్టం అది. ఎమర్సన్ ఆ రాజుల స్థానంలో కాంకర్డ్ రైతుల పేర్లు పెట్టారు. 1857 నవంబరులో అట్లాంటిక్ మంత్లీ తొలి సంచికలో "బ్రహ్మ" కవిత అచ్చయింది. చంపేవాడు చంపుతున్నాననుకుంటే, చచ్చేవాడు చస్తున్నాననుకుంటే ఇద్దరూ ఎరగరన్న దాని మొదటి పాదాలు కఠోపనిషత్తులోనూ గీత రెండో అధ్యాయంలోనూ ఉన్న మాటే. అర్థం కాక అమెరికా పాఠకులు గగ్గోలు పెట్టి, పేరడీలు రాశారు. బ్రహ్మ అన్నచోట యెహోవా అనుకోమనండి, తికమక ఉండదు అని ఆయన కూతురితో అన్నారట.

వీటి చిత్తుప్రతులు, ఎత్తిరాతలు చూడాలనుకునేవారు "ఓరియంటలిస్ట్" అనే నోటుబుక్కు తీయాలి. పర్షియన్ కవులు, మన పురాణాలు, చైనా సూక్తులు అన్నీ అందులో కలగలిసి ఉంటాయి.

బానిసత్వం విషయంలో ఆయన రాతలు ఇబ్బందిగా ఉంటాయా?

కొన్ని ఉంటాయి. ముఖ్యంగా యవ్వనంలో రాసిన పేజీల్లో జాతుల మధ్య హెచ్చుతగ్గులున్నాయన్న నాటి భావాలు కనిపిస్తాయి. వాటిని దాచి పాఠం చెప్పడం సరికాదు. అలాగే 1838లో చెరోకీ అనే అమెరికా ఆదివాసీ ప్రజలను వాళ్ల నేల నుంచి తరిమివేయడాన్ని నిరసిస్తూ అధ్యక్షుడు వాన్ బ్యూరెన్‌కు రాసిన బహిరంగ లేఖనూ, 1844 నుంచి బానిసత్వం మీద చేసిన ప్రసంగాలనూ పక్కన పెట్టడం కూడా సరికాదు. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలన్న 1850 చట్టం వచ్చాక జర్నల్ నిండా మంటలే. చదవడం రాయడం వచ్చినవాళ్లు ఇంత నీచమైన చట్టం చేశారని, దేవుడి మీద ఒట్టు, దీన్ని పాటించనని రాశారు.

మేరీ మూడీ ఎమర్సన్ ఎవరు? ఈమె పేరు మాటిమాటికీ వస్తోంది.

మేనత్త. తండ్రి పోయేనాటికి రాల్ఫ్‌కు ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ పిల్లలకు చదువు మీద, దైవం మీద, పట్టుదల మీద పాఠాలు చెప్పింది ఈమే. కాలేజీ గడప తొక్కలేదు, దొరికిన ప్రతి పుస్తకాన్నీ నమిలేశారు. దశాబ్దాల పాటు "ఆల్మనాక్" అనే దినచర్య రాశారు. ఆ కట్టలు 1872 అగ్నిప్రమాదంలో దెబ్బతిన్నా చాలావరకు హౌటన్‌లో మిగిలే ఉన్నాయి. మేనల్లుడు ఆమె మాటలను నాలుగు నోటుబుక్కుల్లోకి ఎత్తిరాసుకున్నారు. ఆయన వ్యాసాల్లో ఎక్కడైనా వాక్యం ఉన్నట్టుండి కత్తిలా మెరిస్తే, ఆమె రాతల్లో వెతకడం వృథా కాదు.

## గ్రంథాలయానికి వెళ్లేటప్పుడు

నేను హార్వర్డ్ విద్యార్థిని కాను. హౌటన్‌లోకి రానిస్తారా?

రానిస్తారు. పరిశోధన కోసం వచ్చే ఎవరైనా ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపించి చదువుకోవచ్చు. రుసుము లేదు. కావలసిన రాతప్రతిని ముందే కోరి ఉంచాలి. పెన్ను పనికిరాదు, పెన్సిలే. సంచులు బయట పెట్టాలి. అచ్చులోనో ఫొటోల్లోనో బాగా దొరికే జర్నల్‌కు మూలప్రతే కావాలని అడిగితే, ఎందుకో చెప్పగలగాలి. కాగితం వయసు, కొట్టివేతల సిరా, అతికించిన చీటీ లాంటివి చూడాలంటే అది సరైన కారణమే.

రాతప్రతి సంఖ్య ఎలా ఇవ్వాలి?

గ్రంథాలయం పేరు, సేకరణ సంఖ్య, అందులోని అంశం సంఖ్య, తర్వాత పేజీ. దినచర్య పుస్తకాలు, నోటుబుక్కులు "ఎంఎస్ ఏఎం 1280హెచ్" కింద, ప్రసంగాలు "ఎంఎస్ ఏఎం 1280.215" కింద ఉంటాయి.

అన్నీ హార్వర్డ్‌లోనే ఉన్నాయా?

ఎక్కువ భాగం అక్కడే. కానీ ఉత్తరాలు అందుకున్నవారి దగ్గర మిగులుతాయి కాబట్టి అవి దేశమంతా చెదిరిపోయాయి. పండితుడు రాల్ఫ్ రస్క్ 1939లో ఉత్తరాలను ఆరు సంపుటాలుగా తెచ్చాక, ఎలినార్ టిల్టన్ మరో నాలుగు సంపుటాలు తేవలసి వచ్చింది. సెకండ్ చర్చి దస్తావేజులు బోస్టన్‌లోని మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. కాంకర్డ్ ఫ్రీ పబ్లిక్ లైబ్రరీలో ఊరికి సంబంధించిన సామగ్రి బాగా దొరుకుతుంది. ఆయన చదువుకునే గది సామాను కాంకర్డ్ మ్యూజియంలో, ఇంటికి ఎదురుగానే ఉంది.

అమెరికా వెళ్లకుండా ఇక్కడి నుంచే పని జరగదా?

చాలా పనులు జరుగుతాయి. 1909–1914 నాటి జర్నళ్లు, 1903–1904 నాటి 12 సంపుటాల సమగ్ర రచనలు, బ్రిటిష్ రచయిత కార్లైల్‌తో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాల 1883 సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. హార్వర్డ్ తన రాతప్రతుల్లో కొన్నింటి ఫొటోలను అందరికీ అందుబాటులో ఉంచింది. ఎం.ఏ. ప్రాజెక్టుకు ఇంతకుమించి అక్కర్లేదు. పీహెచ్‌డీకి మాత్రం 16 సంపుటాల ఎడిషన్ దగ్గర ఉండి తీరాలి.

## రాసేటప్పుడు, అనువదించేటప్పుడు

ఎమర్సన్ పోయి 140 ఏళ్లు దాటింది. కాపీరైటు గొడవ ఉండదు కదా?

బతికుండగా అచ్చయిన రచనలకు ఉండదు. మరణానంతరం అచ్చయినవాటి దగ్గర చూసుకోవాలి. అమెరికా చట్టం ప్రకారం, ఇలాంటి పాత రాత 1978–2002 మధ్య తొలిసారి అచ్చయితే 2047 చివరిదాకా రక్షణ ఉంటుంది. ప్రసంగాల సమగ్ర సంపుటాలు వచ్చింది 1989–1992లో. కాబట్టి అదివరకు ఎక్కడా అచ్చుకాని ప్రసంగాన్ని తెలుగులోకి తెచ్చే ముందు ప్రచురణకర్తకు ఉత్తరం రాయండి. సంపాదకుల పీఠికలు, నోట్లు ఎలాగూ వారివే. చిక్కులు లేకుండా జర్నళ్లు అనువదించాలంటే 1909–1914 పాఠాన్ని తీసుకోండి. దాన్నే తీసుకున్నట్టు పీఠికలో చెప్పండి.

వాట్సాప్‌లో వచ్చిన ఈ వాక్యం ఎమర్సన్‌దేనా?

ఆధారం దొరికేదాకా కాదనే అనుకోండి. దారి ఉన్నచోటికి వెళ్లకు, దారి లేనిచోట నడిచి జాడ వదులు అన్న వాక్యం ఆయన రచనల్లో దొరకలేదు. జీవితం ప్రయాణమే గాని గమ్యం కాదన్నదీ అంతే. విజయమంటే ఏమిటో చెప్పే ప్రసిద్ధ పంక్తులు 1905 ప్రాంతంలో కాన్సాస్‌కు చెందిన బెస్సీ స్టాన్లీ రాసినదానికి మారురూపం. బడి గోడల మీద, డైరీల అడుగున ఆయన పేరుతో కనిపించేవాటిలో నిజమైనవి కూడా ఉన్నాయి. కానీ అవి ఏ పేరాలోంచి ఊడివచ్చాయో చూస్తే అర్థం తరచూ తిరగబడుతుంది. ఒక పేజీలో గట్టిగా చెప్పినదానికి తర్వాతి పేజీలో ఎదురు చెప్పే అలవాటు ఆయనది.

చివరి పుస్తకాలను ఎమర్సన్ మాటలుగా ఉటంకించవచ్చా?

వాక్యాలు ఆయనవే, కూర్పు పూర్తిగా ఆయనది కాదు. 1870ల మొదట్లోనే జ్ఞాపకశక్తి సడలడం మొదలైంది, అగ్నిప్రమాదం తర్వాత మరీ తగ్గింది. 1875 చివర వెలువడిన "లెటర్స్ అండ్ సోషల్ ఎయిమ్స్" నుంచి పాత రాతప్రతుల్లోని ముక్కలను ఏరి, వరుస పెట్టి, వ్యాసాలుగా నిలబెట్టింది మిత్రుడు కాబట్, కూతురు ఎలెన్. ఒకే కాగితాన్ని మూడు నాలుగు ఉపన్యాసాల్లోకి మార్చి మార్చి వాడుకున్న మనిషి కావడంతో, ఏది ఎప్పటిదో తేల్చడానికి వాళ్లు నానా అవస్థలు పడ్డారు. అందువల్ల ఆ పుస్తకాల్లోని వాక్యాన్ని వాడుకోండి. వాదనా క్రమం మీద మాత్రం సిద్ధాంతం కట్టకండి. 1875లో అచ్చయింది కాబట్టి వృద్ధుడైన ఎమర్సన్ ఇలా భావించారని రాయకండి. అది 1840ల నాటి ఉపన్యాసపు పేజీ అయ్యే అవకాశం ఉంది. సమగ్ర రచనల కొత్త ఎడిషన్‌లో ఎనిమిదో సంపుటం పీఠిక చూస్తే ఏ వ్యాసం ఎలా తయారైందో తెలుస్తుంది.